పోస్టర్ పెట్టడం ఆపి తోడు వెళ్లండి: వైజాగ్‌లో గే స్నేహితులకు హెచ్‌ఐవీ టెస్ట్ చేయించడం గురించి

ప్రశ్న క్లుప్తంగా ఇది: "రుషికొండ వైపు ఐటీ కంపెనీలో పనిచేస్తాను. వైజాగ్, గాజువాక, అనకాపల్లి నుంచి నలభైమంది దాకా గే స్నేహితులం ఒక వాట్సాప్ గ్రూపులో ఉన్నాం. మాలో ఒకతను టీబీతో ఆసుపత్రిలో చేరాక అక్కడ హెచ్‌ఐవీ ఉందని బయటపడింది. మందులు వాడుతున్నాడు, కోలుకుంటున్నాడు. అది చూసి ఎయిడ్స్ దినం నాడు, డిసెంబరు 1న గ్రూపులో పోస్టర్లు, డాక్టర్ల వీడియోలు పెట్టాం. అందరూ దండం ఎమోజీ పెట్టారు కానీ టెస్టుకు ఒక్కరూ వెళ్లలేదు. మేమే ఏదైనా చేయొచ్చా? కిట్లు కొనుక్కుని మేమే టెస్ట్ చేసుకోవచ్చా? ఆ స్నేహితుడితో మాట్లాడించవచ్చా?"

తమ్ముడూ, విశాఖలో మనవాళ్ల మధ్య ముందు పీర్ ఎడ్యుకేటర్‌గా (మనవాళ్లకు ఆరోగ్య విషయాలు చెప్పే మనవాడిగా), తర్వాత కౌన్సెలర్‌గా చాలా ఏళ్లు పనిచేశాను. ఆ అనుభవంతోనే చెబుతున్నాను. దండం పెట్టినవాళ్లకు హెచ్‌ఐవీ అంటే ఏంటో తెలియక కాదు, మీ పోస్టర్ నచ్చక కూడా కాదు. టెస్టు చేయించుకున్న మర్నాడు తన బతుకు ఎలా ఉంటుందో ఆ పోస్టర్ చెప్పలేదు, అందుకే కదల్లేదు. మీరు పనిచేయాల్సింది ఆ మర్నాటి మీద.

మన రాష్ట్రంలో హెచ్‌ఐవీ పేరు వినని మనిషి లేడు. "పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?" అనే హోర్డింగులు ఒకప్పుడు ఊరూరా ఉండేవి. పిల్లలు కూడా ఆ మాట చెప్పుకుని నవ్వుకునేవాళ్లు. ఆ ప్రచారం జబ్బు పేరును ఇంటింటికీ చేర్చింది. కానీ పులిరాజా అనగానే అందరికీ గుర్తొచ్చేది బయటి ఆడవాళ్ల దగ్గరికి వెళ్లే మగవాడే. మగవాళ్లతో వెళ్లే మగవాడు ఆ హోర్డింగులో ఎక్కడా లేడు. అందుకే "నేను ఆడవాళ్ల దగ్గరికి వెళ్లను, నాకెందుకొస్తుంది" అనే మాట ఈ మధ్య దాకా నేను విన్నాను, అదీ డిగ్రీ చదివినవాళ్ల నోట. నిజానికి కండోమ్ లేని ఆనల్ సెక్స్‌లోనే రిస్క్ ఎక్కువ. 2021 నాటి జాతీయ లెక్కల్లో దేశంలోని పెద్దవాళ్లందరిలో హెచ్‌ఐవీ 0.2 శాతం దగ్గర ఉంటే, ఎంఎస్ఎంలలో, అంటే మగవాళ్లతో సెక్స్ చేసే మగవాళ్లలో, 3 శాతం పైనే ఉంది. ఈ లెక్క గ్రూపులో ఒక్కసారి చెప్పండి చాలు. పదే పదే చెబితే భయం పెరుగుతుంది తప్ప టెస్టులు పెరగవు.

మనవాళ్ల అసలు భయం ఎక్కడుంటుందో ఒక సంగతి చెబుతాను. గాజువాక వైపు కుర్రాడొకడు నెలల తరబడి నాతో ఫోన్‌లో మాట్లాడేవాడు, టెస్టు మాటెత్తితే మాత్రం దాటేసేవాడు. ఒకరోజు ఉన్నట్టుండి, "అన్నా, నాకు పాజిటివ్ వస్తే మా చెల్లి పెళ్లి ఆగిపోతుందా?" అన్నాడు. వాడి బుర్రలో వైరస్ లేదు, సీడీ4 (ఒంట్లో రోగనిరోధక కణాల లెక్క) లేదు. ఊళ్లో ఎవరో చూస్తారు, ఆసుపత్రి నుంచి ఇంటికి ఫోనొస్తుంది, సంబంధం చెడిపోతుంది, ఇదొక్కటే ఉంది. ఈ ప్రశ్నకు జవాబు దొరికేదాకా ఎన్ని వీడియోలు పంపినా దండం ఎమోజీయే వస్తుంది.

జవాబైతే ఉంది. 2017లో వచ్చిన హెచ్‌ఐవీ, ఎయిడ్స్ నివారణ, నియంత్రణ చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం మీరు ఒప్పుకోకుండా మీకు హెచ్‌ఐవీ టెస్టు చేయకూడదు. మీ ఫలితం మీ అనుమతి లేకుండా ఇంట్లోవాళ్లకు గానీ ఆఫీసుకు గానీ చెప్పకూడదు. పాజిటివ్ అన్న కారణంతో ఉద్యోగంలో, ఆసుపత్రిలో, అద్దె ఇంటి విషయంలో వివక్ష చూపించకూడదు. భార్యకు, లైంగిక భాగస్వామికి చెప్పే విషయంలో మాత్రం షరతులతో కూడిన మినహాయింపు ఉంది, దాని గురించి కింద రాస్తాను. అదే సెప్టెంబరులో, 6వ తేదీన, స్వలింగ సంబంధాలను నేరంగా చూసిన ఐపీసీ 377 సెక్షన్ మీద సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. ఇద్దరు పెద్దవాళ్లు ఇష్టపూర్వకంగా కలవడం నేరం కాదని కుర్రాళ్లందరికీ తెలుసు, పక్కనే వచ్చిన ఈ చట్టం గురించి చాలామందికి తెలియదు. ఆ కుర్రాడికి ఇదంతా చెప్పాక, "సరే, కానీ ఒక్కణ్నే వెళ్లలేను" అన్నాడు. ఆ మాట దగ్గరే మీ పని మొదలవుతుంది.

గ్రూపులో నలుగుర్ని ఎంచుకోండి. మాటకారులు అక్కర్లేదు, గుట్టు కాపాడగలిగినవాళ్లయితే చాలు. ముందు ఆ నలుగురూ వెళ్లి టెస్టు చేయించుకోవాలి. తను వెళ్లకుండా ఎదుటివాణ్ని వెళ్లమనేవాణ్ని మనవాళ్లు ఇట్టే పట్టేస్తారు. వెళ్లొచ్చాక వాళ్లు చెప్పాల్సింది జబ్బు గురించి కాదు, ఆ గది గురించి. కేజీహెచ్‌లో గానీ వేరే ప్రభుత్వాసుపత్రిలో గానీ ఐసీటీసీ అని ఒక గది ఉంటుంది, కౌన్సెలింగ్, టెస్టు రెండూ అక్కడే. కౌన్సెలర్ విడిగా కూర్చోబెట్టి మాట్లాడతారు. పేరు, వయసు, ఫోన్ నంబరు రాసుకుంటారు, ఎందుకు వచ్చారో అడుగుతారు. తర్వాత చేతి నుంచి కొంచెం రక్తం తీస్తారు. ఫలితం చాలావరకు అదే రోజు వస్తుంది, మళ్లీ విడిగా పిలిచి మీకే చెబుతారు. పైసా ఖర్చుండదు. ఆధార్ లేదని టెస్టు చేయకుండా పంపకూడదు.

ఇంకో సంగతి మనవాళ్లలో చాలామందికి తెలియదు. ఆ గది బయట బెంచీ మీద కూర్చునేవాళ్లలో ఎక్కువమంది గర్భిణులు, వాళ్ల వెంట వచ్చిన అత్తలు, తల్లులు. కడుపుతో ఉన్న ప్రతి ఆడమనిషికీ, టీబీ ఉన్న ప్రతి మనిషికీ ఈ టెస్టు చేస్తారు. అక్కడ కూర్చుంటే గే అనో, పాజిటివ్ అనో ఎవరూ అనుకోరు. ఒక తల్లి నన్ను "బాబూ, మీ ఆవిడకి ఎన్నో నెల?" అని అడిగింది. ఈ ముక్క చెప్పినప్పుడు వచ్చినంత నవ్వు, ధైర్యం నా లెక్చర్లు వేటికీ రాలేదు.

అయినా "కేజీహెచ్ అంటే మా వీధిలో సగంమంది వస్తారన్నా" అనేవాళ్లు ఉంటారు. అది వట్టి సాకు కాదు, నిజమే. వాళ్లను విజయనగరమో అనకాపల్లో తీసుకెళ్లండి. శ్రీకాకుళం నుంచి వైజాగ్ వచ్చి చేయించుకునేవాళ్లు ఉన్నప్పుడు, వైజాగ్ వాళ్లు విజయనగరం వెళ్తే తప్పేముంది? టైం కూడా చూసుకోండి. ఈ కేంద్రాలు ఓపీ వేళల్లోనే నడుస్తాయి. స్టీల్ ప్లాంట్‌లో బి షిఫ్ట్ వాళ్లకు పొద్దున ఖాళీ. ఐటీలో నైట్ షిఫ్ట్ వాళ్లు డ్యూటీ దిగి నేరుగా రావచ్చు. శనివారం మాత్రం వద్దంటాను. శనివారం పాజిటివ్ అని తెలిసినవాడికి ఆదివారమంతా ఒంటరిగా గడుస్తుంది, హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్ తెరిచి ఉండదు. సోమవారమో మంగళవారమో అయితే మర్నాడే తోడు వెళ్లి మందుల పని మొదలుపెట్టొచ్చు.

తోడు వెళ్లినవాడు ఫలితం అడగకూడదు. బయట కూర్చోవాలి, వచ్చాక టీ తాగుదామా అనాలి. వాడే చెబితే వినాలి, అంతే. ఇది వినడానికి తేలిక, చేయడానికి చాలా కష్టం. మనకు ఆత్రం ఎక్కువ.

గ్రూపులో కూడా ఒక కట్టడి పెట్టుకోండి: ఫలితం ఎవరూ రాయకూడదు, నెగెటివ్ అయినా సరే. ఇది మీకు విడ్డూరంగా అనిపించవచ్చు. ఐదుగురు వెళ్లి నలుగురు "నెగెటివ్! పార్టీ!" అని పెట్టారనుకోండి. ఐదోవాడు మౌనంగా ఉంటే ఆ మౌనమే వాడి రిపోర్టు అయిపోతుంది. తర్వాత వెళ్లాల్సిన ఆరోవాడు అది చూసి ఆగిపోతాడు. "వెళ్లొచ్చాను" అని మాత్రం రాయొచ్చు. రిపోర్టు ఫొటో అడగడం, స్క్రీన్‌షాట్ తీయడం కనబడితే అడ్మిన్ అక్కడికక్కడే తీసేయాలి. డేటింగ్ యాప్‌లలో "రిపోర్టు చూపిస్తేనే కలుస్తా" అనే బేరం ఇప్పుడు మామూలైపోయింది. ఆరు నెలల కిందటి నెగెటివ్ కాగితం ఈ రాత్రికి ఏ భరోసా ఇవ్వదని మీవాళ్లకు చెప్పండి.

డబ్బు సంగతి. టెస్టు ఉచితమే కానీ ఆటో ఖర్చుంటుంది, సగం పూట జీతం పోతుంది. ప్రభుత్వాసుపత్రికి రానంటే రానని, ప్రైవేటు ల్యాబ్‌కైతే వస్తానని అనేవాళ్లూ ఉంటారు. దీనికి చైనాలో చేసిన ఒక ప్రయోగం నాకు బాగా నచ్చింది. గ్వాంగ్‌జౌ, బీజింగ్ నగరాల్లో గే పురుషులకు గనేరియా, క్లమీడియా అనే సుఖవ్యాధుల టెస్టులు చేయించడానికి ఒక పద్ధతి పెట్టారు. "మీ టెస్టు ఖర్చు మీకంటే ముందు వచ్చినవాళ్లు ఇచ్చి వెళ్లారు. మీకు ఇష్టమైతే మీ తర్వాత వచ్చేవాళ్ల కోసం ఎంతో కొంత ఇవ్వండి, లేకపోయినా ఫరవాలేదు" అని చెప్పారు. 2020లో లాన్సెట్ ఇన్ఫెక్షియస్ డిసీజెస్ పత్రికలో ఆ ఫలితం వచ్చింది. మామూలుగా డబ్బు కట్టి చేయించుకోమన్నవాళ్లలో 18 శాతం టెస్టు చేయించుకుంటే, ఇలా చెప్పినవాళ్లలో 56 శాతం చేయించుకున్నారు. అక్కడ టెస్టు ఉచితం కావడం ఒక్కటే కాదు, ముక్కూమొహం తెలియని తన లాంటివాడెవడో తన కోసం డబ్బు పెట్టాడన్న మాట పనిచేసిందని నా నమ్మకం.

మీరూ అలాంటి చిన్న నిధి పెట్టొచ్చు. ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి. ఫోన్‌పే, గూగుల్ పే చేస్తే బ్యాంకులో ఉన్న అసలు పేరు కనబడుతుంది. గ్రూపులో "సాగర్" అనే పేరుతో తిరిగే అబ్బాయి ఇంటిపేరుతో సహా బయటపడతాడు. కలిసినప్పుడు చేతికి నగదు ఇవ్వమనండి, లేదా తోడు వచ్చినవాడే ఆటోకి ఇచ్చేసి తర్వాత నిధిలోంచి తీసుకోనివ్వండి. లెక్క నోటుబుక్‌లో అంకెలుగా ఉంటే చాలు, పేర్లు వద్దు.

ఇక కిట్లు కొనుక్కోవడం గురించి అడిగారు. ఆన్‌లైన్‌లో ఏదో తెప్పించి రాత్రి పదింటికి గదిలో ఒకరి వేలు ఒకరు గుచ్చుకోవడం వద్దు. చేతకాదని కాదు. వేలి చివర గుచ్చి ఒక చుక్క రక్తం పట్టీ మీద వేసి, పైన ద్రావణం చుక్కలు వేసి పావుగంట, ఇరవై నిమిషాలు ఆగడమే కదా. ఒక గీత వస్తే నాన్ రియాక్టివ్, రెండొస్తే రియాక్టివ్. కష్టమంతా ఆ రెండో గీత వచ్చిన నిమిషంలో ఉంది. రియాక్టివ్ అంటే ఇంకా పాజిటివ్ కాదు. ఐసీటీసీలో మూడు వేర్వేరు కిట్లతో చూసి, మూడూ రియాక్టివ్ అయితేనే పాజిటివ్ అని రాస్తారు. రాత్రి పదింటికి ఈ మాట చెప్పేవాడు పక్కన లేకపోతే ఆ కుర్రాడు తెల్లారేదాకా ఏం చేసుకుంటాడో ఎవరికి తెలుసు?

వేలు గుచ్చే టెస్టే కావాలనుకుంటే సరైన దారి ఉంది. ఎంఎస్ఎంల కోసం ఎయిడ్స్ నియంత్రణ సంస్థ స్వచ్ఛంద సంస్థల ద్వారా టీఐ (టార్గెటెడ్ ఇంటర్వెన్షన్) అనే నివారణ ప్రాజెక్టులు నడుపుతుంది. వాటిలో పీర్ ఎడ్యుకేటర్లు, అవుట్‌రీచ్ వర్కర్లు చాలావరకు మనవాళ్లే. శిక్షణ తీసుకున్నవాళ్లు కమ్యూనిటీ దగ్గరికే వచ్చి స్క్రీనింగ్ చేస్తారు. మీ ప్రాంతంలో ఏ ప్రాజెక్టు ఉందో 1097కి ఫోన్ చేసి అడగండి. అది ఉచిత హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడొచ్చు. లేదా జిల్లా లెప్రసీ, ఎయిడ్స్, టీబీ అధికారి కార్యాలయంలో, ఐసీటీసీ కౌన్సెలర్ దగ్గర కనుక్కోండి. ఇక్కడొక చిక్కుంది, దాచను. మీ ఐటీ కుర్రాళ్లు చాలామంది "టీఐ అంటే కోతీల కోసం, మనకి కాదు" అని ముక్కు ముడుస్తారు. కోతీలంటే నడకలో, మాటలో ఆడతనం కనబడే మనవాళ్లు. ఆ మాట నాకు నచ్చదు. ఈ ఊళ్లో పోలీసుల దెబ్బలు తిని, రాత్రుళ్లు కండోమ్‌లు పంచి ఈ సేవలు నిలబెట్టింది ఆ కోతీలే. అయినా అలవాటు మార్చడం ఒక్కరోజులో కాదు కాబట్టి, ఆ ప్రాజెక్టువాళ్లు నడిపే డ్రాప్ ఇన్ సెంటర్‌కు రాని వాళ్ల కోసం అవుట్‌రీచ్ వర్కర్‌నే మీ ఫ్లాట్‌కు పిలవండి. ఒకసారి కలిసి బిర్యానీ తింటే ఆ గోడ సగం దిగిపోతుంది. మనవాళ్లు ఎక్కడెక్కడ కలుస్తారో ఆ చోట్ల పేర్లు మాత్రం నేను ఇక్కడ రాయను, మీరూ గ్రూపులో రాయకండి. అవి చదివేది మనవాళ్లొక్కరే కాదు.

ఎప్పుడు చేయించుకోవాలన్న దాంట్లో గందరగోళం ఎక్కువ. నిన్న రాత్రి జరిగినదానికి ఈ రోజు టెస్టు ఏమీ చెప్పదు. మన ఐసీటీసీల్లో వాడే ర్యాపిడ్ టెస్టుకు మూడు నెలల గడువు లెక్కేసుకోవాలి. ఈలోపు నెగెటివ్ వస్తే మూడు నెలలు నిండాక మళ్లీ చేయించుకోవాలి. ఆ తర్వాత ఆరు నెలలకోసారి అలవాటుగా పెట్టుకోండి. కండోమ్ చిరిగిందని, లేకుండా జరిగిందని టెన్షన్ పడుతుంటే టెస్టు కోసం ఆగకండి, 72 గంటల్లోపు డాక్టర్ దగ్గరికి పరుగెత్తాలి. రిస్క్ జరిగాక వైరస్ సోకకుండా ఇచ్చే పెప్ మందులు 28 రోజులు వాడాలి, ఎంత తొందరగా మొదలుపెడితే అంత మేలు. ముందుగానే వాడే ప్రెప్ కూడా ఉంది. అది నెగెటివ్ అని తేలాకే, డాక్టర్ చూసి రాసిస్తేనే మొదలుపెట్టాలి.

హెచ్‌ఐవీ అన్న మాటకే బిగుసుకుపోయేవాళ్లను "ఫుల్ చెకప్ చేయించుకుందాం రా" అని పిలవండి. సిఫిలిస్, హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, షుగర్ అన్నీ కలిపి. మోసం అనుకోకండి, ఆ టెస్టులు మనవాళ్లకు నిజంగా అవసరం. సిఫిలిస్ అయితే పెన్సిలిన్ ఇంజెక్షన్‌తో నయమవుతుంది. ఏళ్లుగా ఉన్నా తెలియని వాళ్లను చూశాను. కాకపోతే ఆ జాబితాలో హెచ్‌ఐవీ కూడా ఉందని స్పష్టంగా చెప్పి, సరేనన్నాకే చేయించాలి.

పెళ్లైనవాళ్ల గురించి మీరు అడగలేదు కానీ మీ నలభైమందిలో తప్పకుండా ఉంటారు, వాళ్లే గ్రూపులో తక్కువ మాట్లాడతారు. డీపీ దేవుడి ఫొటో, లాస్ట్ సీన్ ఆఫ్. పగలు ఫోన్ చేస్తే "రాంగ్ నంబర్" అంటారు. వాళ్లు మీ ప్రైడ్ వాక్‌కు రారు, కాఫీ షాప్‌కు రారు. వాళ్లతో మాట్లాడాల్సింది మీ వయసు కుర్రాళ్లు కాదు, వాళ్ల లాంటి మరో పెళ్లైనవాడు. అలాంటివాడు ఒక్కడు దొరికినా మీ నలుగురిలో చేర్చుకోండి. చట్టంలో మినహాయింపు ఉందన్నానే, అది వీళ్లకు వర్తిస్తుంది. భార్యకు ప్రమాదం ఉందని, ఎంత నచ్చజెప్పినా భర్త ఆమెకు చెప్పడం లేదని తేలితే డాక్టర్ గానీ కౌన్సెలర్ గానీ ఆమెకు చెప్పడానికి చట్టం ఒప్పుకుంటుంది. అదీ అతనికి కౌన్సెలింగ్ ఇచ్చి, ముందుగా తెలియజేసిన తర్వాతే. ఈ విషయం దాచిపెట్టి వాళ్లను టెస్టుకు తీసుకెళ్లకండి. నా అనుభవంలో పెళ్లైనవాళ్లు భయంతో ఆగిపోయినంతగానే పిల్లల కోసం, భార్య కోసం ముందుకొస్తారు కూడా. భార్య గర్భంతో ఉన్నప్పుడైతే ఇంకా తొందరగా వస్తారు.

ఎవరికైనా పాజిటివ్ అని తేలితే ఏం జరుగుతుందో మీ నలుగురికి ముందే తెలిసి ఉండాలి. ఆ రోజున వెతుక్కోకూడదు. మన దేశంలో ఏఆర్‌టీ మందులు 2004 నుంచి ఉచితం. 2017 నుంచి సీడీ4 ఎంతున్నా సరే, తేలిన వెంటనే మందులు మొదలుపెడుతున్నారు. ఎక్కువమందికి ఇచ్చేది టీఎల్‌డీ, మూడు మందులు కలిపిన మాత్ర, రోజుకు ఒక్కటే. డబ్బాలో ముప్ఫై ఉంటాయి. రూమ్‌మేట్స్ ఉన్న కుర్రాళ్లు డబ్బా మీది లేబుల్ చింపేసి, మల్టీవిటమిన్ డబ్బాలోకి మార్చుకుంటారు. తేమ తగలకుండా బిగుతుగా మూతపెట్టమని మాత్రం చెప్పండి. మందులు సరిగ్గా వాడి వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ లెక్క) టెస్టులో కనబడనంతకు తగ్గి, అలాగే నిలబడితే సెక్స్ ద్వారా ఎదుటివాడికి సోకదు. మొదటి వారం రోజూ ఒకసారి ఫోన్ చేయండి. "తిన్నావా, మాత్ర వేసుకున్నావా" అన్నంత మాట్లాడితే చాలు. సలహాలు రెండో నెలలో ఇద్దురు గాని.

కోలుకుంటున్న మీ స్నేహితుడి సంగతి. అతనితో గ్రూపులో మాట్లాడించడం గురించి అడిగారు. మీరు అడగకండి. అడిగితే "సరే" అంటాడు, మీరంతా ఆసుపత్రిలో తనకు చేసినదానికి రుణం తీర్చుకోవాలని అంటాడు, ఆరు నెలల తర్వాత బాధపడతాడు. గ్రూపులో ఒకసారి పెట్టిన వాయిస్ మెసేజ్ వెనక్కి రాదు. అతనంతట అతనే "కొత్తగా తేలినవాడెవడైనా ఉంటే నేను మాట్లాడతాను" అంటే, ఒక్కడితో, వాళ్లిద్దరూ ఒప్పుకున్నాక, పక్కన ఎవరూ లేకుండా మాట్లాడనివ్వండి. పాజిటివ్ అని అప్పుడే విన్న కుర్రాడికి డాక్టర్ పదిసార్లు చెప్పినదానికంటే, కొన్నాళ్లుగా ఆ మాత్రలే వేసుకుంటూ ఎదురుగా కూర్చుని బజ్జీలు తింటున్నవాణ్ని చూడడం ఎక్కువ నమ్మకంగా ఉంటుంది. అతనికి ఇష్టం లేకపోతే ఆ మాట అక్కడితో వదిలేయండి. ఏఆర్‌టీ సెంటర్ కౌన్సెలర్‌ను అడిగితే పాజిటివ్‌గా ఉన్నవాళ్ల నెట్‌వర్క్ నుంచి ఇలా మాట్లాడేవాళ్లను చూపిస్తారు.

మొదటి నెలలో నలభైమందిలో మీ నలుగురు కాక ఇంకో ముగ్గురు వెళ్లినా నేనైతే బాగా జరిగిందనే అంటాను. వాళ్ల పేర్లు నాకు చెప్పొద్దు. దారిలో ఎక్కడ ఇబ్బంది పడ్డారో, ఏ గదిలో ఎవరు సరిగ్గా మాట్లాడలేదో రాయండి, కౌన్సెలర్‌తో ఎలా మాట్లాడాలో చూద్దాం.